మీకు తెలుసా? తమను తాము దాచుకోకుండా పదవుల దాకా వచ్చినవాళ్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మొన్నమొన్నటిదాకా మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లావే. ఇక్కడి పల్లెల నుంచి ఐలోని జాతరకో, కొమురవెల్లికో, వేములవాడకో పోని ఇల్లు తక్కువ. ఆ జాతరల్లో పసుపు పూసుకుని, త్రిశూలం పట్టుకుని ఊగే శివసత్తుల్లో ట్రాన్స్ మహిళలూ కనిపిస్తారు. వాళ్ల చేత నుదుట బండారి పెట్టించుకుంటాం, చేతులు జోడించి మంచిచెడ్డలు అడుగుతాం. అదే మనిషి మర్నాడు కిరాయికి ఇల్లడిగితే? సర్కారు కొలువుకు దరఖాస్తు పెడితే? ఇంటికొచ్చి ఓటడిగితే?

అలా అడిగినవాళ్లున్నారు. ట్రాన్స్‌జెండర్లు, గే, లెస్బియన్ వ్యక్తులు తామెవరో దాచుకోకుండా ఎన్నికల్లో నిలబడ్డారు, కొలువుల్లో చేరారు, కోర్టుల్లో వాదించారు. మన ఓరుగల్లు నుంచి మొదలుపెట్టి ఐస్‌లాండ్ దాకా వాళ్ల సంగతులు కొన్ని చూద్దాం.

1. వరంగల్ తూర్పులో ఒక ట్రాన్స్ మహిళ జాతీయ పార్టీ టికెట్‌పై పోటీ చేశారు

2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు. వరంగల్ తూర్పు నియోజకవర్గంలో బహుజన సమాజ్ పార్టీ తరఫున ఏనుగు గుర్తుతో బరిలోకి దిగిన అభ్యర్థి చిత్రపు పుష్పిత లయ. గెలుపు కొండా సురేఖను వరించింది. అయినా జాతీయ గుర్తింపున్న ఒక పార్టీ మన పక్క పట్నంలోనే ట్రాన్స్ మహిళకు బీ ఫారం ఇవ్వడం చిన్న సంగతేమీ కాదు. స్వతంత్ర అభ్యర్థికైతే నామినేషన్ మీద పదిమంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకం చేయాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు.

2. అదే ఎన్నికల్లో 'ఓటు వేయండి' అని ప్రచారం చేసిందీ ఓరుగల్లు మనిషే

వరంగల్‌కు చెందిన ట్రాన్స్ మహిళ ఓరుగంటి లైలాను ఎన్నికల సంఘం 2023 ఎన్నికలప్పుడు ఓటరు చైతన్య ప్రచారకర్తగా ఎంచుకుంది. సాధారణంగా సినిమావాళ్లకో, క్రీడాకారులకో దక్కే గౌరవమది. ఆమె ముందున్న పని కూడా తేలికది కాదు. ఇల్లు వదిలి వచ్చేసినవాళ్లకు చిరునామా రుజువు ఉండదు, పాత కాగితాల్లో పాత పేరు ఉంటుంది. అలాంటివాళ్లను ఓటరు జాబితాలోకి తేవాలంటే ముందు వాళ్లలో నమ్మకం కలగాలి. ఆ మాట ఆఫీసరు చెప్తే ఒక తీరు, తమలో ఒకరు చెప్తే ఇంకో తీరు.

3. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి పురుషులు, స్త్రీలు కాక 'ఇతరులు' అని విడిగా లెక్క తీశారు. దేశం మొత్తమ్మీద 4,87,803 మంది తేలారు. అందులో 43,769 మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వాళ్లు. ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువమంది ఇక్కడే. ఇంటికొచ్చిన ఎన్యూమరేటర్‌కు నిజం చెప్పగలిగినవాళ్ల లెక్క మాత్రమే ఇది. ఇక గే, లెస్బియన్ వ్యక్తులనైతే ఆ పత్రంలో ఎవరూ అడగనే లేదు. ఓటరు జాబితాలో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' అని రాయించుకునే వీలు 2009లో వచ్చింది.

4. చీర కట్టుకుంటే రెండేళ్ల జైలు

నిజాం ఏలుబడిలో 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం అని ఒకటి తెచ్చారు. 1871లో బ్రిటిష్‌వాళ్లు చేసిన నేరస్థ తెగల చట్టం ఒరవడిలోనే ఇదీ తయారైంది. దీని ప్రకారం హైదరాబాద్ నగరంలోని హిజ్రాల పేర్లు, నివాసాలు సర్కారు ఒక రిజిస్టర్లో రాసుకోవాలి. ఆ రిజిస్టర్లోకి ఎక్కిన మనిషి ఆడ దుస్తులు వేసుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆటపాటలతో పొట్ట పోసుకున్నా అంతే. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆ మనిషిగా పుట్టడం, ఆ మనిషిగా కనబడడమే నేరం. జాతరలో దేవుడి పేరున కట్టిన చీరకు మొక్కే నేల మీదే, బజారులో కట్టిన చీరకు సంకెళ్లు వేసే చట్టం కూడా ఉండేదన్నమాట.

5. నిజాం పోయినా ఆ చట్టం 75 ఏళ్లు బతికింది

1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014లో తెలంగాణ వచ్చింది. ప్రతిసారీ పాలకులు మారారు, ఆ చట్టం మాత్రం కొత్త రాష్ట్రం పేరు తగిలించుకుని పుస్తకాల్లో ఉండిపోయింది. చివరికి వైజయంతి వసంత మొగ్లి అనే ట్రాన్స్ మహిళ హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. సమానత్వానికి హామీ ఇచ్చే 14వ అధికరణకూ, గౌరవంగా బతికే హక్కునిచ్చే 21వ అధికరణకూ అది విరుద్ధమని తేల్చింది.

అక్కడితో ఆగలేదు. చదువుల్లో, ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు రిజర్వేషన్ కల్పించాలనీ, ఆసరా పింఛన్ వాళ్లకూ వర్తింపజేయాలనీ ప్రభుత్వానికి చెప్పింది. ఆసరా అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. నెలనెలా చేతికొచ్చే ఆ నాలుగు డబ్బులతో ఇంట్లో ముసలివాళ్లకు, వితంతువులకు మాట చెల్లుబాటు ఎంత పెరిగిందో అందరికీ తెలుసు.

6. ఉస్మానియా దవాఖానలో ఇద్దరు డాక్టరమ్మలు

2022 నవంబర్‌లో హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో హెచ్ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ఇద్దరు మెడికల్ ఆఫీసర్లు చేరారు. ఒకరు ఆదిలాబాద్‌లో ఎంబీబీఎస్ చదివిన డాక్టర్ ప్రాచీ రాథోడ్. ఇంకొకరు ఖమ్మంకు చెందిన డాక్టర్ రూత్ జాన్ పాల్. తెలంగాణలో సర్కారు కొలువులో చేరిన మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వీళ్లే. చేతిలో పట్టా ఉన్నా అంతకుముందు ఎన్నో ఆస్పత్రులు వీళ్లకు ఉద్యోగం ఇవ్వలేదు. పట్టా చూసినప్పుడు లేని అభ్యంతరం మనిషిని చూశాక వచ్చేది.

డాక్టర్ రూత్ అంతటితో ఊరుకోలేదు. పీజీ ప్రవేశాల్లో ట్రాన్స్‌జెండర్లను ఏ కోటాలో చూస్తారని కోర్టు మెట్లెక్కారు. 2023లో హైదరాబాద్ సనత్‌నగర్ ఈఎస్ఐ వైద్య కళాశాలలో అత్యవసర వైద్యంలో పీజీ సీటు సాధించారు. మహబూబాబాద్ జిల్లాలో కొంత భాగం ఒకప్పటి ఖమ్మందే కాబట్టి ఆమెను పొరుగూరి బిడ్డ అనుకున్నా తప్పులేదు.

7. ఒక ఐఆర్ఎస్ అధికారి రికార్డుల్లో పేరు, లింగం మారాయి. అదీ హైదరాబాద్‌లో

2013 బ్యాచ్ ఇండియన్ రెవెన్యూ సర్వీస్ అధికారి ఎం. అనసూయ. హైదరాబాద్‌లో కస్టమ్స్, ఎక్సైజ్, సర్వీస్ టాక్స్ అప్పీళ్ల ట్రైబ్యునల్ దగ్గర జాయింట్ కమిషనర్ హోదాలో పనిచేసేవారు. తన పేరు ఎం. అనుకతిర్ సూర్య అనీ, తనను పురుషుడిగా నమోదు చేయాలనీ కోరారు. 2024 జులై 9న కేంద్ర ఆర్థిక శాఖ ఒప్పుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది. ఇకపై అన్ని అధికారిక రికార్డుల్లోనూ ఆ అధికారి శ్రీ అనుకతిర్ సూర్యే. కేంద్ర సివిల్ సర్వీసుల్లో ఇలాంటి ఉత్తర్వు రావడం అదే మొదటిసారి.

సర్వీస్ రిజిస్టర్లో ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి ఎన్ని టేబుళ్లు తిరగాలో ఏ సర్కారు ఉద్యోగిని అడిగినా చెప్తారు. పుట్టినతేదీ తప్పు పడితే రిటైరయ్యే దాకా తప్పుగానే ఉన్నవాళ్లున్నారు. అందుకే ఆ చిన్న ఉత్తర్వు ఎంత పెద్దదో వాళ్లకే బాగా అర్థమవుతుంది.

8. చౌరస్తాలో చేయెత్తి బండి ఆపేది వాళ్లే

2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. గోషామహల్ మైదానంలో పరుగు, దూకడం లాంటి దేహదారుఢ్య పరీక్షలు పెట్టి ఎంపిక చేశారు. అందరికీ తెలిసిన సిగ్నల్ దగ్గరి దృశ్యమే ఇక్కడ తిరగబడింది. ఆగిన కార్ల మధ్య చేయి చాచి నడిచే మనిషిగానే ఇంతకాలం చూసిన జనం, ఇప్పుడు అదే చేతి సైగకు బ్రేకు వేస్తున్నారు.

9. గోషామహల్ అంటే గుర్తొచ్చే ఇంకో పేరు

2018 అసెంబ్లీ ఎన్నికల్లో గోషామహల్ నుంచి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ అభ్యర్థిగా ట్రాన్స్ మహిళ చంద్రముఖి పోటీ చేశారు. నవంబర్ చివర్లో, సరిగ్గా ప్రచారం వేడెక్కినప్పుడు, ఆమె కనిపించకుండా పోయారు. ఆమెను తెచ్చి చూపాలని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ దాఖలైంది. తర్వాత ఆమె బయటికొచ్చారు, పోటీలో కొనసాగారు. ఓట్లు రాలింది కొన్నే. కానీ ఆ ఎన్నిక నుంచి పుష్పిత లయ పోటీ దాకా ఐదేళ్లే పట్టింది.

10. 377 కేసులో ఒక తెలుగు ఇంటిపేరు

ఇద్దరు వయోజనులు ఇష్టపడి శారీరకంగా కలిసినా, వాళ్లు ఒకే లింగానికి చెందినవాళ్లయితే, ఐపీసీ 377 సెక్షన్ కింద నేరమయ్యేది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. ఆ తీర్పును నవతేజ్ సింగ్ జోహర్ కేసు అంటారు. అయితే దాంతో కలిపి విన్న పిటిషన్లలో ఒకటి 'అన్వేష్ పొక్కులూరి, ఇతరులు'. ఐఐటీల్లో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు 20 మంది కలిసి వేసిన పిటిషన్ అది. మేము నేరస్థులం కాము అని చెప్పడానికి ముందు, మేము గే, లెస్బియన్, ట్రాన్స్ అని సొంత పేర్లతో ఒప్పుకోవాలి. శిక్షపడే చట్టం ఇంకా అమల్లో ఉండగానే వాళ్లా పని చేశారు.

11. వాళ్ల లాయరు హైదరాబాద్‌లో పుట్టారు, ఆమె వాదించిన ఇంకో కేసు గోదావరి ఒడ్డుకు తెలుసు

ఐఐటీ పిటిషనర్ల తరఫున వాదించిన మేనకా గురుస్వామి పుట్టింది హైదరాబాద్‌లో. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్‌గా చదివారు. 377 కేసులోనే మరో పిటిషనర్ తరఫున నిలిచిన న్యాయవాది అరుంధతి కట్జు. తామిద్దరం జంట అని 2019లో ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు. అదే ఏడాది టైమ్ పత్రిక ప్రపంచాన్ని ప్రభావితం చేసిన వందమంది జాబితాలో ఇద్దరి పేర్లూ కలిపి వేసింది.

ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి సల్వాజుడుం పేరుతో నడిపిన వ్యవహారాన్ని సుప్రీంకోర్టు 2011 జులై 5న చెల్లదంది. తీర్పు చెప్పిన ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉన్నారు. ఆ కేసులో పిటిషనర్ల పక్షాన పనిచేసిన న్యాయవాదుల్లో మేనక ఒకరు. ఆ హింసకు తాళలేక అడవులు దాటి వచ్చిన గొత్తికోయల గుడిసెలు భూపాలపల్లి, ములుగు ప్రాంతాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకరి హక్కు కోసం నిలబడడం నేర్చిన మనిషి ఇంకొకరి హక్కు దగ్గర కూర్చోరు.

12. జడ్జి పదవికి గే న్యాయవాది పేరు పంపింది తెలుగు ప్రధాన న్యాయమూర్తి కాలంలో

సౌరభ్ కిర్పాల్ ఢిల్లీలో సీనియర్ న్యాయవాది. తండ్రి బి.ఎన్. కిర్పాల్ ఒకప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి. తాను గే అని సౌరభ్ ఎప్పుడూ దాచలేదు. జడ్జి పదవులకు పేర్లు సూచించే న్యాయమూర్తుల బృందమైన ఢిల్లీ హైకోర్టు కొలీజియం 2017లోనే ఆయన పేరు సిఫారసు చేసింది. సుప్రీంకోర్టులో ఆ దస్త్రం వాయిదా పడుతూ వచ్చింది. 2021 నవంబర్ 11న జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని కొలీజియం సరేనంది. ఒకప్పటి కృష్ణా జిల్లాలోని పొన్నవరం బిడ్డ జస్టిస్ రమణ.

కేంద్రం ఫైలు తిప్పి పంపింది. సౌరభ్ భాగస్వామి స్విట్జర్లాండ్ పౌరుడన్నది ఒక అభ్యంతరం. గే హక్కుల మీద ఆయనకున్న పట్టుదల వల్ల పక్షపాతం రావచ్చన్నది రెండోది. 2023 జనవరిలో కొలీజియం మళ్లీ అదే పేరు పంపుతూ, ఆయన దాపరికం లేకుండా ఉండడం మెచ్చుకోదగిన విషయమే తప్ప లోపం కాదని రాసి, ఆ వివరాలన్నీ బయటపెట్టింది. హక్కుల కోసం పనిచేయడమే అనర్హత ఎలా అవుతుందన్న ప్రశ్న ఆ కాగితాల మీద నల్లని అక్షరాల్లో నమోదైంది.

13. పెళ్లి హక్కు కేసుకు పేరు పెట్టింది హైదరాబాద్ జంట

సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌వాసులు. 2021 డిసెంబర్‌లో నగర శివార్లలో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. మరుసటేడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిటిషన్లన్నీ కలిసి 'సుప్రియో కేసు'గా పేరుపడ్డాయి. 2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు ఐదుగురు న్యాయమూర్తులూ. కనీసం జంటగా చట్టబద్ధ గుర్తింపైనా ఇవ్వాలన్న వాదన 3–2 తేడాతో వీగిపోయింది. ఆ ముగ్గురిలో తెలుగువారు జస్టిస్ పి.ఎస్. నరసింహ, గతంలో తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లి ఉన్నారు. ట్రాన్స్ మహిళ పురుషుణ్ని, ట్రాన్స్ పురుషుడు మహిళను ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని మాత్రం ఐదుగురూ ఒప్పుకున్నారు.

14. కేసు ఓడినా రేషన్ కార్డు దగ్గర ఒక మేలు

ఆ తీర్పు తర్వాత కేంద్రం ఒక కమిటీ వేసింది. 2024లో రెండు స్పష్టతలు వచ్చాయి. ఒకటి, ఒకే లింగానికి చెందిన జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి అడ్డేమీ లేదు. రెండు, రేషన్ కార్డులో వాళ్లను ఒకే ఇంటివాళ్లుగా చూడాలి. ఢిల్లీలో ఇచ్చిన ఆ స్పష్టత ఏ మండల కేంద్రంలోని బ్యాంకు కౌంటరుకైనా వర్తిస్తుంది.

15. ఆంధ్రప్రదేశ్‌లో రెండు మైలురాళ్లు

18 ఏళ్లు దాటిన ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛన్ ఇవ్వాలని 2017 డిసెంబర్‌లోనే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. 2025 జూన్‌లో అక్కడి హైకోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. పెళ్లయిన ట్రాన్స్ మహిళ అత్తింటి వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేయవచ్చు, పిల్లలు కనలేదన్న కారణంతో ఆమె స్త్రీ కాదనడం కుదరదు. ఆ మాటలో ఊరట ట్రాన్స్ మహిళలకే కాదు, గొడ్రాలని నిందలు మోసిన ప్రతి ఆడమనిషికీ ఉంది.

16. నెల్లూరు మూలాలు, మద్రాసు రాజకీయాలు

నెల్లూరు మూలాలున్న అప్సరా రెడ్డి పాత్రికేయురాలిగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చారు. 2019 జనవరిలో అఖిల భారత మహిళా కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ స్థాయి పదవిలో ట్రాన్స్ మహిళను నియమించడం ఆ పార్టీ చరిత్రలో మొదటిసారి.

17. కాళేశ్వరం వంతెన దాటితే మహారాష్ట్ర. అక్కడేం జరిగిందంటే

2017లో సోలాపూర్ జిల్లా తరంగ్‌ఫల్ గ్రామం జ్ఞానేశ్వర్ కాంబ్లే అనే ట్రాన్స్‌జెండర్‌ను సర్పంచ్‌గా ఎన్నుకుంది. జల్‌గావ్ జిల్లా భాద్లీ బుద్రుక్‌లో అంజలి పాటిల్ కథ ఇంకా ఆసక్తికరం. మహిళలకు రిజర్వయిన వార్డులో నామినేషన్ వేస్తే అధికారి తిరస్కరించాడు. ఆమె బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనానికి వెళ్లారు. తనను మహిళగా ఎంచుకున్న మనిషి మహిళా సీటుకు పోటీ చేయవచ్చని కోర్టు చెప్పింది. 2021 జనవరిలో ఆమె గెలిచారు.

ఇది మనకెందుకంటే, తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు మహిళలవే.

18. ఇతర రాష్ట్రాల నుంచి మరికొందరు

2015 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌కు మధు కిన్నర్ మేయరయ్యారు, అదీ స్వతంత్ర అభ్యర్థిగా. 2022లో తమిళనాడు వేలూరు కార్పొరేషన్‌లో ఆర్. గంగ కౌన్సిలరయ్యారు. ఒడిశా ఆర్థిక సేవల అధికారి ఐశ్వర్య రుతుపర్ణ ప్రధాన్ 2010లో పురుషుడిగా కొలువులో చేరి, 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు తర్వాత తానెవరో ప్రకటించుకున్నారు. పశ్చిమ బెంగాల్ ఇస్లాంపూర్‌లో 2017లో లోక్ అదాలత్ బెంచీ మీద కూర్చున్న జోయితా మండల్ ఒకప్పుడు బస్టాండులో పడుకున్న మనిషి.

19. గెలిచినా కుర్చీ పోయిన మేయర్

మధ్యప్రదేశ్ సోహాగ్‌పూర్ ఉపఎన్నికలో గెలిచి దేశంలో మొదటి ట్రాన్స్‌జెండర్ ఎమ్మెల్యే అయ్యారు శబ్నమ్ మౌసీ. అదే రాష్ట్రంలో కట్నీ పట్టణం కమలా జాన్‌ను మేయర్‌గా ఎన్నుకుంది. కానీ ఆ సీటు మహిళలకు కేటాయించింది, ఆమె మహిళ కాదంటూ కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. జనం ఇచ్చిన పదవిని చట్టం తీసుకుంది. కమలా జాన్‌కు కాదన్నదే అంజలి పాటిల్‌కు అవునంది. మధ్యలో మారిందల్లా 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పు. తాను ఆడో, మగో, ఇంకొకరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని అది తేల్చింది.

20. ఘన్‌పూర్, మనుకోట, డోర్నకల్ ఏం చెప్తున్నాయి?

మన మూడు జిల్లాల్లో స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీలకు, మనుకోట అని పిలుచుకునే మహబూబాబాద్, డోర్నకల్ ఎస్టీలకు రిజర్వయిన సీట్లు. ఆ రిజర్వేషనే లేకపోతే తండా నుంచి అసెంబ్లీకి దారి ఎంత ఇరుకుగా ఉండేదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌జెండర్లకు చట్టసభల్లో అలాంటి సీట్లు లేవు. ఉద్యోగాల వరకైతే కర్ణాటక 2021లో ఒక శాతం ఇచ్చి దేశంలో మొదటి రాష్ట్రమైంది.

21. గే నాయకుడికి పేరు తెచ్చిన చట్టాల్లో ఒకటి కుక్కల గురించి

ఇక దేశం దాటి చూస్తే, అమెరికాలో తాను లెస్బియన్ అని చెప్పుకుని మొదట గెలిచింది కాథీ కొజాచెంకో, 1974లో ఆన్ ఆర్బర్ నగర కౌన్సిల్‌కు. అందరికీ తెలిసిన పేరు మాత్రం హార్వీ మిల్క్. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో కౌన్సిలర్ లాంటి పదవికి ఎన్నికయ్యాడు. గేలను ఉద్యోగాల్లోంచి, ఇళ్లలోంచి తరిమేయకుండా నగర చట్టం తెచ్చాడు. దాంతోపాటు కుక్కల యజమానులు వీధిలో వాటి మలాన్ని తామే ఎత్తాలన్న చట్టమూ తెచ్చి, విలేకరుల ముందు పార్కులో దాన్ని తొక్కి మరీ చూపించాడు. వీధి శుభ్రంగా ఉంటే ఓటరు అభ్యర్థి పడకగది సంగతి అడగడని అతనికి తెలుసు. 1978 నవంబర్‌లో మేయర్‌తో పాటు అతన్నీ ఒక మాజీ సహసభ్యుడు కాల్చి చంపాడు. పదవిలో ఉన్నది ఏడాది లోపే.

22. చట్టం అమల్లోకి వచ్చిన రోజే ప్రధాని పెళ్లి

2009 ఫిబ్రవరి 1న ఐస్‌లాండ్ ప్రధాని అయిన యోహాన్నా సిగుర్దర్‌దోత్తిర్ ఒక దేశ ప్రభుత్వానికి నాయకత్వం వహించిన మొదటి లెస్బియన్. మరుసటేడు అక్కడి పార్లమెంటు స్వలింగ వివాహ చట్టాన్ని 49–0తో ఆమోదించింది. 2010 జూన్ 27న చట్టం అమల్లోకి రాగానే ఆమె తన భాగస్వామిని పెళ్లాడారు.

ఐర్లాండ్ మాజీ ప్రధాని లియో వరద్కర్ తండ్రి మరాఠీ డాక్టర్. సింధుదుర్గ్ జిల్లాలోని వరద్ వాళ్ల సొంతూరు. 2015 జనవరిలో మంత్రిగా ఉండగా తాను గే అని రేడియోలో చెప్పాడు. మే నెలలో అక్కడ స్వలింగ వివాహంపై ప్రజాభిప్రాయ సేకరణ గెలిచింది. 2017లో ప్రధాని అయ్యాడు.

23. చిన్న ఊరే ముందు నమ్మింది

పల్లెలు, చిన్న పట్నాలు ఇలాంటివి ఒప్పుకోవు అంటాం కదా. న్యూజిలాండ్‌లో కార్టర్టన్ వ్యవసాయం మీద బతికే చిన్న పట్టణం. మావోరీ ట్రాన్స్ మహిళ జార్జినా బేయర్‌ను 1995లో మేయర్‌ను చేసింది ఆ ఊరే. 1999లో అదే ప్రాంతం ఆమెను పార్లమెంటుకు పంపింది. ప్రపంచంలో మొదటి ట్రాన్స్‌జెండర్ పార్లమెంటు సభ్యురాలు ఆమె. రాయగఢ్, తరంగ్‌ఫల్, భాద్లీ కూడా మహానగరాలు కావు. ముఖం ఎరిగినచోట మనిషికి ముందు మనిషిగానే ఓటు పడుతుంది.

24. నేపాల్ మనకన్నా ముందు

సునీల్ బాబు పంత్ 2008లో నేపాల్ రాజ్యాంగ సభలో సభ్యుడయ్యాడు. దక్షిణాసియాలో గే అని చెప్పుకుని చట్టసభలో కూర్చున్న మొదటి వ్యక్తి అతనే. అంతకుముందు ఏడాది అతను వేసిన కేసులోనే అక్కడి సుప్రీంకోర్టు లైంగిక అల్పసంఖ్యాకులకు సమాన హక్కులివ్వాలని తీర్పిచ్చింది. మూడో లింగం గుర్తింపు కూడా అక్కడ మనకన్నా ముందే వచ్చింది.

25. కలెక్టరేట్‌కూ ఇందులో పనుంది

2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, 2020 నియమాలు గుర్తింపు పత్రం ఇచ్చే బాధ్యతను జిల్లా కలెక్టర్‌పై పెట్టాయి. అంటే వరంగల్ దాకా పోనక్కర్లేదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి ఎవరి కలెక్టరేట్ వాళ్లకుంది. ఇల్లు ఇవ్వకపోవడం, చదువు, వైద్యం, ఉద్యోగం నిరాకరించడం వివక్షేనని ఆ చట్టం చెప్తుంది.

26. నామినేషన్ పత్రంలో అడిగేవీ, అడగనివీ

సర్పంచ్‌గా పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండాలి. అసెంబ్లీకైతే 25. సర్పంచ్‌కైతే ఆ ఊరి ఓటరు జాబితాలో పేరుండాలి, డిపాజిట్ కట్టాలి, కేసులూ ఆస్తులూ చెప్పాలి. ఎవరిని ప్రేమిస్తున్నావు అని అడిగే గడి ఆ పత్రంలో లేదు. ట్రాన్స్ మహిళకైనా, గే యువకుడికైనా చట్టపరంగా అక్కడ అడ్డు లేదు. సర్పంచ్ నామినేషన్‌కు కావాల్సిందల్లా ఒక ప్రతిపాదకుడి సంతకం. కోర్టులు ఎన్ని తీర్పులిచ్చినా ఆ సంతకం మాత్రం ఊళ్లోవాళ్లే పెట్టాలి.